బాప్తిస్మమున కర్థమేమి?

పెండ్లిమర్రి ప్రాంతపు పల్లెలలో అప్పుడప్పుడు ఆదివారమునాడు ప్రొద్దు పొడిచెడి వేళ ఒక దృశ్యము కానవచ్చును. పది పదునైదుగురు మనుష్యులు, అందు కొందరు తెల్లని బట్టలు ధరించినవారు, పాట పాడుకొనుచు పొలముల నడుమ నున్న దిగుడుబావి వైపునకు నడతురు. బోధకుడు ముందుగా మెట్లు దిగి నడుములోతు నీటిలో నిలుచును. ఒక్కొక్కరే దిగివత్తురు. ఆయన ఒక ప్రశ్న వేయును, వారు బదులు చెప్పుదురు. పిమ్మట దేవుని నామము నుచ్చరించి వారిని వెనుకకు వంచి, నీటిలో ముంచి, వెంటనే పైకి లేవనెత్తును. గట్టుమీది వారు మరల పాట నందుకొందురు. అంతయు గడియలోపల ముగియును. పొలమునకు పోవు రైతు ఒక నిమిషము నిలిచి చూచి, తన దారిని తాను పోవును.

నిలిచి చూచినవానికి సహజముగా సందేహములు గలుగును. ఇది పాపము కడుగుకొను స్నానమా? పేరు మార్చు తంతా? కులము విడుచుటకు గురుతా? ఒక్క మునకతో ఏమి మారినది? క్రైస్తవ కుటుంబములలోనే ఈ విషయమును గూర్చి ఒకరికొకరు వేర్వేరు సమాధానములు చెప్పుదురు. ఇరుగుపొరుగున నివసించువారు ఒకరి ఆచారముల నొకరు తెలిసికొనుట మేలు గనుక, ఈ ప్రసంగమున బాప్తిస్మమునకు క్రైస్తవమతము చెప్పిన అర్థమును, మన తెలుగునాట దానికి కలిగిన చరిత్రను కొంత వివరింప దలచితిమి.

ముందుగా మాటను చూతము. బాప్తిస్మము అనునది గ్రీకు శబ్దమునుండి వచ్చినది. ముంచుట, తడుపుట అని దాని మూలార్థము. అద్దకమువాడు బట్టను రంగులో ముంచుటకును గ్రీకులు ఆ ధాతువునకు చెందిన మాటనే వాడిరి. ప్రొటెస్టెంటు సంఘములవారు ఆ గ్రీకు మాటనే తెలుగు చేసికొని బాప్తిస్మ మనుచున్నారు. రోమను కతోలికులు జ్ఞానస్నాన మనుచున్నారు. మొదటి మాట క్రియను చెప్పును. రెండవది ఫలమును చెప్పును. దేహమును కడుగు స్నానము కాదు, మనస్సునకు వెలుగు నిచ్చు స్నానము అని దాని భావము. రెండును ఒకే కర్మకు పేర్లు.

నీటితో శుద్ధి యను భావము క్రైస్తవులకు మాత్రమే చెందినది కాదు. మన జిల్లాలో పెన్నాతీరమందలి పుష్పగిరికి పర్వదినములలో యాత్రికులు స్నానమునకు పోవుదురు. మహమ్మదీయ సోదరులు నమాజునకు ముందు వజూ చేసికొందురు. యూదులకు శుద్ధిస్నానము నియమము. అన్యులెవరైన యూదమతములో చేరినపుడును నీట మునుగుట వారి ఆచారము. క్రైస్తవమతము యూదుల నడుమ పుట్టినది గనుక బాప్తిస్మమునకు ఆ మూలము కలదు. అయితే ఒక ముఖ్యమైన భేదము గమనింప వలెను. తీర్థస్నానము ఏటేట చేయవచ్చును. వజూ దినమునకు పలుమార్లు చేయుదురు. బాప్తిస్మమో, మనుష్యుని జీవితములో ఒక్కసారియే. రెండవసారి పుట్టుట యుండదు, రెండవసారి పాతిపెట్టుట యుండదు. అటులే రెండవసారి బాప్తిస్మము నుండదని క్రైస్తవుల సిద్ధాంతము. ఎందుచేత ఒక్కసారియే అన్నచో, దాని అర్థము శుద్ధితో ముగియదు గనుక.

సువార్తల ననుసరించి యోహాను అను ప్రవక్త యొర్దాను నదివద్ద నిలిచి, ప్రజలను మనస్సు మార్చుకొను డని పిలిచి, ఒప్పుకొన్నవారిని నీటిలో ముంచెడివాడు. ఆ జనములో యేసును వచ్చెను. నీవు నాయొద్దకు వచ్చుట యేమని యోహాను వెనుదీసెను గాని, యేసు పట్టుపట్టి నీటిలో దిగెను. కడుగుకొన వలసిన పాపము లేనివాడని తాము నమ్మిన వ్యక్తి పాపుల వరుసలో ఎందుకు నిలిచె నని క్రైస్తవ పండితులు తరతరములుగా ఆలోచించిరి. వారు చెప్పిన సమాధానము మనకు ముఖ్యము. ఆయన గట్టుమీద నిలిచి ఉపదేశింపలేదు. జనముతో కలిసి అదే నీటిలో దిగెను. బాప్తిస్మములో మొదటి మాట ఇదియే. అందరికిని ఒకే నీరు.

అపొస్తలుడైన పౌలు తన లేఖలలో దీనికి మరియొక అర్థమును చేర్చెను. నీట మునుగుట ఆయన దృష్టిలో సమాధి చేయబడుట. పైకి లేచుట క్రీస్తుతో కూడ లేచుట. పాత మనుష్యుడు అక్కడనే మిగిలిపోవును, వచ్చినవాడు క్రొత్తవాడు. ఆయనయే మరియొక లేఖలో, ఈ నీటిలో దిగినవారికి యూదుడని, గ్రీకువాడని, దాసుడని, స్వతంత్రుడని, పురుషుడని, స్త్రీయని భేదము లేదని స్పష్టముగా వ్రాసెను. కావున బాప్తిస్మమునకు మూడర్థములు చెప్పవచ్చును. కడుగబడుట ఒకటి. చనిపోయి మరల బ్రదుకుట రెండవది. క్రొత్త కుటుంబములో చేరుట మూడవది. మొదటి రెండును మనుష్యునికిని దేవునికిని నడుమ జరుగునవి. మూడవది పదిమంది యెదుట జరుగును, పదిమందితో కూడి జీవించినగాని నెరవేరదు. మన దేశములో బాప్తిస్మము రేపిన ప్రశ్న లన్నియు ఈ మూడవ అర్థమును అంటిపెట్టుకొని యున్నవి.

ఆదికాలపు క్రైస్తవులు దీనిని తేలికగా నీయలేదు. మూడవ, నాలుగవ శతాబ్దములలో చేరగోరినవారు దీర్ఘకాలము, కొన్నిచోట్ల మూడేండ్లు, శిక్షణ పొందవలసి యుండెను. సాధారణముగా ఈస్టరు పండుగకు ముందటి రాత్రి వారిని తీసికొనివచ్చెడివారు. కొన్ని సంఘములలో వారు చీకటికి గురుతైన పడమటి దిక్కునకు తిరిగి దుష్టుని త్యజించి, తూర్పునకు తిరిగి విశ్వాసమును ఒప్పుకొనెడివారు. మూడుమార్లు మునిగి లేచిన పిమ్మట తెల్లని వస్త్రములు కట్టించెడివారు. పాత బట్టలు మరల తొడుగక పోవుటలోనే పాత మనుష్యుని విడుచు భావము కలదు. మన పల్లెలలో నేడు కనిపించు తెల్లబట్టలు ఆ పురాతన వాడుకకు వారసత్వమే.

సిరియా దేశములో యూఫ్రటీసు నది యొడ్డున దూరా యూరోపోసు అను ప్రాచీన నగరమున 1930 ప్రాంతములలో త్రవ్వకములు జరిగినవి. అక్కడ మూడవ శతాబ్దపు ఇల్లొకటి ప్రార్థనాలయముగ మార్చబడి యుండెను. ఒక చిన్న గదిలో బాప్తిస్మపు తొట్టియు, గోడలమీద చిత్రములును కానవచ్చినవి. అందొకటి బావివద్ద నీరు తోడు స్త్రీ చిత్రము. సువార్తలోని సమరయ స్త్రీ యని దానిని సామాన్యముగా గుర్తింతురు. యూదులు సమరయులతో కలియరు, వారి పాత్రతో నీరు త్రాగరు. అట్టి కాలములో యేసు మిట్టమధ్యాహ్నము ఆమెయొద్ద దాహమునకు నీరడిగె నని కథ. బాప్తిస్మపు గదిలో ఆ బొమ్మ నుంచుట యాదృచ్ఛికము కాదని తలంచుటకు వీలున్నది. ఎవరి చేతినీరు ఎవరు త్రాగవలె నను ప్రశ్న మన దేశములోనే పుట్టినది కాదు.

ఇక నీరెంత కావలెను? పారెడు నీరు మేలని, అది లేనిచో వేరు నీరైనను, చన్నీరు కానిచో వేడినీరైనను చాలునని, ఏదియు సరిపడ లేనపుడు తలమీద మూడుమార్లు పోసిన చాలునని క్రైస్తవుల అతి ప్రాచీన గ్రంథములలో నొకటియైన దిదాకే యను ఉపదేశ గ్రంథము విధించినది. ఎండ కాయు దేశముల కష్టము తెలిసినవాడు వ్రాసిన నియమ మది. మన సీమవారికి ఆ మాట చక్కగా బోధపడును. పాపాఘ్నియు పెన్నయు సంవత్సరములో పెక్కు మాసములు ఇసుక పరుపులే. ఏట మునుగవలె నన్నచో చెలమ త్రవ్వుకొన వలసిన రోజు లున్నవి. అందుచేతనే ఇచ్చటి సంఘములలో కొన్ని బావులను, కొన్ని చెరువులను, మరికొన్ని ప్రార్థనామందిరములలో కట్టించుకొన్న సిమెంటు తొట్లను ఉపయోగించుచున్నవి. ఇంకను కొన్ని దోసెడు నీటితోనే సరిపుచ్చుచున్నవి.

అయినను ముంచుటయా, పోయుటయా యను వాదము నీటి కొరతవలన పుట్టినది కాదు. దాని వెనుక మరియొక ప్రశ్న యున్నది. ఎవరికి ఈయవలెను? తానుగా విశ్వసించి ఒప్పుకొనగల పెద్దవారికి మాత్రమేనా, తల్లి యొడిలోని శిశువునకు కూడనా? క్రీ. శ. 200 ప్రాంతములో తెర్తుల్లియను అను ఆఫ్రికా రచయిత పసిపిల్లలకు తొందర యెందుకని ప్రశ్నించెను. అనగా అప్పటికే శిశువుల కిచ్చు వాడుక యుండెనన్నమాట. తరువాత శిశు బాప్తిస్మము సర్వసామాన్యమైనది. 1525లో స్విట్జర్లాండు దేశపు జూరిక్ నగరమున కొందరు దానిని కాదని పెద్దవారికి బాప్తిస్మ మిచ్చుట మొదలిడిరి. ఆ కారణమున వారిలో కొందరికి మరణశిక్ష పడినది. శిశు బాప్తిస్మము నంగీకరించువారు, దేవుని కృప మన తెలివికి ముందే మనలను చేరునని చెప్పుదురు. కాదనువారు, ఒప్పుకొననివాని తరపున మరియొకడు విశ్వసింప జాల డని చెప్పుదురు. రెండు వాదములలోను గౌరవింపదగిన ధర్మ మున్నది.

ఈ రెండు మార్గములును మన జిల్లాకు వచ్చినవి. లండను మిషనరీ సంఘమువారు 1822లో కడపలో పని ప్రారంభించిరి. జమ్మలమడుగునందలి కాంప్‌బెల్ ఆసుపత్రి వారి సేవకు గురుతు. వారు శిశువులకును బాప్తిస్మ మిచ్చి, నీటిని తలమీద చిలకరించు సంప్రదాయమువారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడినపుడు ఆ సంఘములు అందులో కలిసిపోయినవి. కడప రాయలసీమ అధ్యక్షఖండమునకు కేంద్రమైనది. అందు శిశువునకు బాప్తిస్మ మిచ్చినను, అతడు ఎదిగిన పిమ్మట బిషప్పు నెదుట తన విశ్వాసమును తన నోటనే ఒప్పుకొన వలెను. కతోలికులలో జ్ఞాన తల్లిదండ్రులు బిడ్డ తరపున పలుకుదురు. ప్రాణాపాయ సమయమున గురువు లేకున్నచో, ఎవరైనను సదుద్దేశముతో నీరు పోసి నామ ముచ్చరించిన చెల్లునని వారి నియమము. అనగా ఇచ్చువాని గొప్పతనము మీద బాప్తిస్మము ఆధారపడదు.

బాప్తిస్టులును, హైదరాబాదు హెబ్రోనును కేంద్రముగ జేసికొని భక్త సింగుగారు నెలకొల్పిన సమాజములును, పెంతెకొస్తు సంఘములును పెద్దవారిని ముంచు పద్ధతిని మాత్రమే అంగీకరింతురు. పంజాబునందు సిక్కు కుటుంబమున జన్మించిన భక్త సింగుగారు 1932లో కెనడా దేశమందలి వాంకూవరులో బాప్తిస్మము పొందిరి. 2000 సంవత్సరమున హైదరాబాదులో మరణించిరి. ఆయన ప్రభావము రాయలసీమ పల్లెలవరకు వ్యాపించినది. ఫలితముగా ఒకే ఇంటిలో ఒక చిక్కు పుట్టుచుండును. శైశవమున చర్చిలో బాప్తిస్మము పొందిన కుమారుడు ఇరువదవ యేట వేరొక కూటమునకు పోయి మరల నీట మునుగును. తల్లిదండ్రులు, మేము చేయించినది చెల్లదా యని నొచ్చుకొందురు. కుమారుడు, ఇది రెండవది కాదు, నాకిదే మొదటిది అనును. ఇట్టి కలహమును విన్నవారు దానిని మూఢత్వ మని త్రోసివేయరాదు. కన్నవారు ఇచ్చినదానికిని, తాను ఎంచుకొన్నదానికిని నడుమ ప్రతి తరమునకును కలుగు ఘర్షణ యిది.

ఇపుడు మూడవ అర్థమునకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దములో ఆంధ్రదేశమున బైబిలు చదివిన హిందూ యువకులు పెక్కురు. చదువుటకు ఎవరును అడ్డుచెప్ప లేదు. మనస్సులో నమ్మినను ఎవరును పట్టించుకొన లేదు. 1852లో మచిలీపట్టణమందు రాబర్టు నోబులు నడిపిన పాఠశాల విద్యార్థులు బాప్తిస్మము పొందగనే పట్టణమంతయు కలవరపడినది. తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించుటచే పాఠశాల ఇంచుమించు శూన్యమైనది. నమ్మక మెవరికిని కనబడదు. నీటిలో దిగుట అందరికిని కనబడును. కుటుంబము, పంక్తి, సంబంధములు అన్నియు ఆ గడియతో తెగిపోవునని ఆ కాలమువారు బాగుగ నెరిగి యుండిరి. బాప్తిస్మము బహిరంగ మగుటయే దాని బలము. దాని మూల్యమును అదియే.

దానికి మరియొక ముఖము ఒంగోలు ప్రాంతమున కానవచ్చినది. అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లఫ్ 1866లో ఒంగోలులో స్థిరపడెను. తొలుత చేరినవారిలో ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు ముఖ్యుడు. చర్మవ్యాపారముపై ఊరూర తిరుగు నాతడు తన బంధువర్గములో ఈ మాటను వ్యాపింప జేసెను. 1876 మొదలు 1878 వరకు మన కడప, కర్నూలు, బళ్లారి, నెల్లూరు మండలములను దహించిన ఘోరమైన కరవు వచ్చెను. క్లఫ్ బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, వేలమందికి కూలి కల్పించెను. కాని ఆ పదునైదు మాసములలో ఒక్కరికైనను బాప్తిస్మ మీయలేదు. కూటికొరకు వచ్చిరను మాట రాకూడ దని ఆయన భావము.

కరవు సడలి, సహాయము ఆగిపోయిన తరువాత జనులు తామే వచ్చి అడిగిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నది యొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు వంతులవారీగా నీటిలో నిలిచి, మధ్యాహ్నము కొంతసేపు విశ్రమించి, సాయంకాలమువరకు ఆ పని నెరవేర్చిరి. ఆ దినమున ముంచిన చేతులు తెలుగువారి చేతులే యనుట గమనింప వలెను.

వచ్చినవారు కూటికే వచ్చి రని ఆనాడును అన్నారు, నేడును అనువా రున్నారు. ఆ ప్రశ్నను త్రోసిపుచ్చుట తగదు. ఆకలి మనుష్యుని నిర్ణయములను తాకకుండ నుండదు. అయితే ఆ మనుష్యుల రోజువారీ బ్రదుకును కూడ తలపునకు తెచ్చుకొన వలెను. వారు ఊరిబావిలో చేద వేయుటకు వీలులేనివారు. బావిగట్టున దూరముగా కుండ పెట్టుకొని, ఎవరైన దయదలచి పోసిననే నీరు. తమ నీడ సోకిన మైల యను లోకములో పుట్టినవారు. అట్టివారిని ఒకడు చేయిపట్టి నడినీటిలోనికి పిలిచి, పేరు పెట్టి అడిగి, తల తాకి, అందరితో సమానముగ లేవనెత్తెను. ఆ స్పర్శకు ఆకలితో సంబంధము లేని అర్థము కూడ కలదు. ఎవని నీటిని ఎవడు తాకరాదను నియమము ఆ నదిలో, ఆ దినమునకు, కొట్టుకొనిపోయినది.

దోర్నకల్లు బిషప్పుగా 1912లో అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూలు అజరయ్యగారు దీనిని ఇంకొక విధముగ బోధించిరి. ఆయన ఆంగ్లికన్ సంఘములో భారతీయుడైన తొలి బిషప్పు. బాప్తిస్మము పొందినవారిచేత తమ తలమీద తామే చేయి వేసికొని, నేను బాప్తిస్మము పొందితిని, సువార్త చెప్పక పోయినచో నాకు శ్రమ యను భావము గల మాట పలికించెడివారు. తన తలను తానే తాకుటలో విశేష మున్నది. నిన్నటివరకు అంటరాని దనిపించుకొన్న తల అది. నేడు ఒక బాధ్యతను మోయు తల.

అందరును నీటిని అంగీకరించి రనలేము. 1942లో తనకు క్రీస్తు దర్శన మైనదని చెప్పిన కలగర సుబ్బారావుగారు క్రీస్తును గాఢముగ ప్రేమించుచునే, బాప్తిస్మమను బాహ్యాచారమును, దానిచుట్టు పెరిగిన మత వ్యవస్థను తీవ్రముగ విమర్శించిరి. హిందూ సమాజములోనే నిలిచి క్రీస్తును కొలువ వచ్చునని ఆయన చుట్టు చేరినవారి ఆశయము. లోపల వెలుగున్నపుడు నీ రెందుకు? ఈ ప్రశ్న చులకనైనది కాదు. దీనికి సంఘముల సమాధానము ఒక్కటే. వెలుగు లోపలనే యున్నచో ఎవనితో కలిసి భుజింప వలసిన పని యుండదు, ఎవని దుఃఖము పంచుకొన వలసిన పని యుండదు. నీరు మనలను ఇతరులకు బంధించును.

ఈ బంధమునకు నేటి చట్టములోను ఒక మూల్య మేర్పడినది. 1950 ఆగస్టు 10వ తేదీన రాష్ట్రపతి వెలువరించిన షెడ్యూల్డు కులముల ఉత్తర్వులో హిందువులు కానివారిని షెడ్యూల్డు కులమువారిగా పరిగణింపరాదను నియమము చేరినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును దానిని సడలించిరి. క్రైస్తవులకు సడలింప లేదు. ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో సి వర్గమున చేర్చిరి. వారికి షెడ్యూల్డు కులముల హోదా ఈయవలె నని రాష్ట్ర శాసనసభ 2023 మార్చి 24న తీర్మానము చేసినది. కులపు బాధ నీటితో పోలేదు గనుక రక్షణయు పోరాదని ఒకరి వాదము. కులము లేదని చెప్పు మతములో చేరినవానికి కులపు హోదా యెందుకని మరొకరి వాదము.

ఈ వాదము శాసనసభలలో నడచుచుండగా, దాని బరువు మాత్రము ఇండ్లలో పడుచున్నది. ప్రతి ఆదివారము చర్చికి పోవుచు, కష్టము వచ్చినపుడు ప్రార్థించుచు, బాప్తిస్మము మాత్రము వాయిదా వేయు యువకు లున్నారు. చర్చిలో ఒక పేరును, పాఠశాల కాగితములో మరియొక పేరును గలవారున్నారు. మన పల్లెలలో ఇట్టి మాటలు వినవచ్చును. "ఇన్నేండ్ల నుంచి చర్చికి వస్తాండావు గదరా అబ్బీ, నీళ్లలోకి ఎప్పుడు దిగుతావు?" అని ముసలి అవ్వ అడుగును. "దిగినంక నా కాగితం ఏమైతాదో అవ్వా" యని మనుమడు తల వంచుకొనును. ఆ తలవంపులో భక్తిలేమి లేదు. ఉద్యోగము, చెల్లెలి చదువు, ఇంటి అప్పు అన్నియు ఉన్నవి. అతనిని పిరికి యనుటకు మాకు నోరు రాదు. అవ్వ ప్రశ్న తప్పనుటకును నోరు రాదు.

అయితే ఆ మనుమని వాయిదాకు కారణము చట్టము మాత్రమే యని సంఘములు చేతులు దులుపుకొన జాలవు. నీటిలో భేదము లేదని చెప్పి, గట్టెక్కిన పిమ్మట భేదములను మరల తొడుగుకొన్న చరిత్ర తెలుగు క్రైస్తవులకు కలదు. మాలవారికొక చర్చి, మాదిగవారికొక చర్చి, రెడ్డి క్రైస్తవులకు వేరు వరుస, పెండ్లిసంబంధములన్నియు కులములోనే, కొన్నిచోట్ల శ్మశానములు సైతము వేరు. పూర్వము మునిగినవారు పాత బట్టలను మరల తొడుగలే దని పైన చెప్పితిమి. మనవారు పలువురు వానిని గట్టుమీద మడతపెట్టి దాచుకొనిరి. బాప్తిస్మమును హాస్యమునకు గురిచేయునది దానిని నమ్మని పరుల విమర్శ కాదు. దానిని పొందినవారి ఈ నడత.

కనుక ఒక్క మునకతో ఏమి మారిన దను మొదటి ప్రశ్నకు సమాధాన మిట్లు చెప్పవచ్చును. నీటికి మంత్రశక్తి లేదు. ఈ స్నానము దేహపు మలినమును తీయుటకు కాదని క్రైస్తవుల గ్రంథములే చెప్పుచున్నవి. నీటిలో మనుష్యుడు ఒక మాట ఇచ్చును, ఒక మాట పుచ్చుకొనును. ఇచ్చిన మాట దేవునికి. పుచ్చుకొన్న మాట ఒక కుటుంబమునుండి. నేటినుండి నీవు మావాడవని ఆ కుటుంబము చెప్పుచున్నది. మొదటి మాట నిలిచినదో లేదో తెలిసికొనుట మానవులకు సాధ్యము కాదు. రెండవ మాట నిలిచినదో లేదో మాత్రము ఊరంతయు చూడవచ్చును. ఆ క్రొత్తవాని యింట భుజించువా రెవరు, వాని బిడ్డను కోడలిగా చేసికొనువా రెవరు, వాని పాడెకు భుజమిచ్చువా రెవరు అనునది చూచిన చాలును. బాప్తిస్మపు అర్థము గట్టుమీదనే తేలును.

దిగుడుబావివద్ద పాట ముగిసినది. తడిబట్టలవారికి తువ్వాళ్లు కప్పిరి. మెట్లపైన నిలిచిన అవ్వ వచ్చినవారి నందరిని చేయిపట్టి పైకి లాగుచున్నది; వీ డెవరివాడని అడుగుట లేదు. ఆమె మనుమడు గట్టున నిలిచి, తువ్వాళ్ల నందించుచున్నాడు. వాడు ఇంకను నీటిలో దిగలేదు. దిగినవారు తమ మాట నిలుపుకొన్నచో, వాని నిర్ణయము కొంత సులభమగును.